పాత లాంతరుకు కొత్త రంగు

పాత వస్తువుకు రంగు వేసి కొత్తగా చూపించడం మోసమా, మన్ననా? పెడనలో చదువు చెప్పే మాకు ఈ ప్రశ్న పిల్లల చేతిపనిలోంచే ఎదురైంది. పాత సామాన్ల కొట్లో తూకానికి కొన్న హరికేన్ లాంతర్లకు రంగు వేసి, కలంకారీ పూలూ తీగలూ దిద్దుతున్నారు మా పిల్లలు. అలాంటి లాంతర్ల వెలుగులోనే మన యానాది పెద్దలు రాత్రిళ్లు కాలవల్లో చేపలూ పీతలూ పట్టారు.

ముందు పని సంగతి. తుప్పు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక తడిపి రుద్దాలి, అదీ పెద్దలే చేయాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆరాక రెడ్ ఆక్సైడు ఒక పూత, దానిపైన ఎనామిల్. మళ్లీ వెలిగించే లాంతరైతే వేడెక్కే భాగాలకు రంగు తగలనివ్వకూడదు. తుప్పు మీదే రంగు వేస్తే ఈ ఉప్పుగాలికి త్వరలోనే పెచ్చులూడుతుంది.

ఆ తుప్పును కూడా అసహ్యించుకోనక్కర్లేదు. తుప్పు ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టిన నీళ్లలోంచే పెడన అద్దకానికి నలుపు వస్తుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ గీత నిలిచిపోతుంది.

పూత పూయడం తప్పు కాదు. బందరు పక్కన చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేస్తారు. అదేమిటో పేరే చెబుతుంది. దాన్నే మేలిమి బంగారమని అమ్మితే మోసం. స్క్రీను ప్రింటు బట్టను చెక్క అచ్చుల అద్దకమని అమ్మినా అంతే.

ఈ మాట మన యువతకు ఎందుకు చెబుతున్నామంటే, మనుషులకూ పూతలుంటాయి. నేరస్థ తెగల చట్టం ఎరుకల వారి మీద పుట్టుకతోనే నేరగాళ్లన్న ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు మాత్రం ఇంకా పోలేదు. అద్దె ఇంటి కోసం తెగ పేరు చెప్పకుండా మెలిగే పిల్లలున్నారు. వాళ్లను మేం తప్పుపట్టం. పేరు వినగానే తలుపు వేసేవాడిదే తప్పు. చదువు, మంచి బట్ట, పట్నం మాట కావలసినవే, వాటిని సంపాదించుకుందాం. కాని తెగ పేరును తుప్పనుకుని గీకెయ్యకండి. తుప్పు లోకం చూపులో ఉంది. పేరు లోపలి ఇనుము. అది పోతే రంగు దేనికి అంటుకుంటుంది?

తోటి ఉపాధ్యాయులారా, మీ బడిలోనూ ఈ పని చేయించండి. అమ్మే లాంతరు అడుగున ‘పాతది, బాగుచేసినది’ అని రాయించండి. ఇలాంటి దీపంతో ఇంట్లో ఎవరు ఏ పని చేశారో పిల్లల చేత అమ్మమ్మనూ తాతనూ అడిగించండి. వాళ్లు చెప్పింది తరగతిలో అందరూ వినేలా చదివించండి.