త్రాసును తూచేదెవరు?

కంపెనీ వేసిన స్ప్రింగులు తీసేసి పొట్టివి బిగిస్తే కారు ఓ 30 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. చూడ్డానికి ఠీవిగా ఉంటుంది, మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లకు మించకూడదు కాబట్టి కాగితం మీద ఇబ్బందేమీ లేదు. మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లు ఆ కాగితం చదివి కట్టినవి కావన్నది వేరే సంగతి. బండి దిగినప్పుడు చక్రాల కోణాలు మాత్రం పాత లెక్కలో ఉండవు. కింది ఆర్మ్‌లు వేరే వాలుకు వస్తాయి, చక్రాల నిలువు వాలు, అంటే ‘కేంబర్’, మారి పైభాగం లోపలికి వంగుతుంది, టై రాడ్ల వాలు మారి ముందు చక్రాలు చూసే దిశ, అంటే ‘టో’, తప్పుతుంది. ఇక యజమాని మంచి వీల్ అలైన్‌మెంట్ షాపు కోసం బయల్దేరతాడు. ఊళ్ళో ప్రతి టైర్ల దుకాణం మీదా ఆ బోర్డు ఉంటుంది. వీటిలో మంచిదేదో అతనికి ఎలా తెలియాలి?

వేరే వృత్తి గురించి సోక్రటీసు వేసిన ప్రశ్న కూడా ఇదే. ప్లేటో రాసిన ‘ఖార్మిడీస్’ సంభాషణలో ఆయన క్రిటియస్‌ను ఇరుకున పెడతాడు. వైద్యం రానివాడు అసలు వైద్యుణ్ణీ నకిలీ వైద్యుణ్ణీ వేరుచేసి చూడగలడా? చూడాలంటే రోగమేదో ఆరోగ్యమేదో అతనికి తెలిసుండాలి. అవి తెలిస్తే అతనూ వైద్యుడే. అంటే వైద్యుణ్ణి గుర్తుపట్టగలిగేది ఇంకో వైద్యుడే. ఈ లెక్కన అలైన్‌మెంట్ తెలిసినవాడికి షాపు గురించి ఎవర్నీ అడగాల్సిన పని లేదు, తెలియనివాడు అడిగినా చెప్పింది నిజమో కాదో తేల్చుకోలేడు.

పని చేయించుకున్నాక తెలుస్తుంది కదా అనవచ్చు. న్యాయదర్శనం వారి జవాబు దాదాపు అదే. ఎదురుగా కనిపించేవి నీళ్ళా, ఎండమావులా అన్న సందేహం దగ్గరికి వెళ్ళి తాగితే తీరిపోతుంది. దాహం తీరితే ఆ జ్ఞానం నిజం. గౌతముడి న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు తన గ్రంథాన్ని మొదలుపెట్టిందే ఈ ఆలోచనతో: జ్ఞానాన్ని నమ్ముకుని చేసిన పని ఫలిస్తే ఆ జ్ఞానం ప్రమాణం.

అయితే టైరు దాహం లాంటిది కాదు, దాని ఫలితం అంత తొందరగా బయటపడదు. రెండు ముందు చక్రాల రిమ్ముల మధ్య దూరం ముందువైపు కొలిస్తే ఒకటి, వెనకవైపు కొలిస్తే ఇంకొకటి వచ్చి, తేడా 3 మిల్లీమీటర్లు తేలిందనుకుందాం. ఒక్కో చక్రం వంతు ఒకటిన్నర. రిమ్ము వ్యాసం 400 మిల్లీమీటర్లయితే, కారు కిలోమీటరు నడిచేసరికి ఒక్కో టైరు మూడుమ్ముప్పావు మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు లెక్క. 10,000 కిలోమీటర్లకు అది 37 కిలోమీటర్లు దాటుతుంది. తారు మీద రబ్బరును అంత దూరం అడ్డంగా రాకితే ఏం మిగులుతుందో చెప్పనక్కర్లేదు. విచిత్రమేమిటంటే, ఇంత జరుగుతున్నా కారు తిన్నగానే పోతుంది. తప్పు రెండు వైపులా సమానంగా ఉంటే ఒకదాని లాగుడును ఇంకొకటి కొట్టేస్తుంది. స్టీరింగ్ నిటారుగా ఉంటుంది, చేతులు వదిలినా బండి పక్కకు లాగదు. యజమాని సంతోషంగా డబ్బు కట్టి వెళ్ళిపోతాడు. అరిగేది టైరు లోపలి అంచు, వంగి చూస్తే తప్ప కంటపడని చోటు. అక్కడ దారాలు తేలేనాటికి షాపువాడి మొహం కూడా గుర్తుండదు.

మీమాంసకుల దారి ఇంతకంటే సుఖం. కుమారిలభట్టు వర్గం దృష్టిలో జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం, దాన్ని కొట్టేసే జ్ఞానం ఎదురయ్యేదాకా దాన్ని నమ్మవచ్చు. కంప్యూటర్ తెర మీద గళ్ళన్నీ పచ్చగా మారిన ప్రింటు చేతికందగానే ఊరట పడేవాళ్ళందరూ తెలియకుండానే మీమాంసకులు. వేదం విషయంలో ఆ వాదానికి చాలా బలముంది. టైర్ల విషయంలో దాని ఖరీదు నాలుగు టైర్లు.

అందుకే నమ్మదగిన మనిషి ఎవరన్న ప్రశ్నకు వాత్స్యాయనుడు ఇచ్చిన సమాధానం ఎక్కువ పనికొస్తుంది. ఆయన చెప్పే ఆప్తుడికి మూడు గుణాలుండాలి. విషయం స్వయంగా ఎరిగి ఉండాలి, ఎదుటివాళ్ళ మీద దయ ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఈ లక్షణంలో తేడా లేదని కూడా ఆయన తేల్చేశాడు. ఎప్పుడో 5వ శతాబ్దం నాటి శాస్త్రకారుడు ఆ మాట అనడం చిన్న విషయం కాదు. గ్రీజు చేతుల మెకానిక్కు ఆ నిర్వచనంలో పూర్తిగా ఇమిడిపోతాడు.

ఎరుక అన్న మొదటి గుణమే చూద్దాం. 1989లో వచ్చిన మాజ్దా మియాటాకు నాలుగు చక్రాల దగ్గరా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంటుంది. ముందు కేంబర్, కాస్టర్ (స్టీరింగ్ ఇరుసు ముందువెనకల వాలు), టో, వెనక కేంబర్, టో అన్నీ సర్దుకునే వీలుంది. ఒకటి కదిపితే ఇంకోటి కదులుతుంది కాబట్టి టోను చివర్లో పట్టాలని ఎరిగిన మనిషి కావాలి. మన మారుతి స్విఫ్ట్ దీనికి పూర్తి భిన్నం. ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు, వెనక టార్షన్ బీమ్. కంపెనీ అమరికలో సర్దడానికి వీలున్నది ముందు టో ఒక్కటే. అలాంటి కారుకు, ఏ షిమ్ములూ వేయకుండా, వెనక కేంబర్ సెట్ చేశామని ఎవరైనా అంటే అది తప్పు మాట కూడా కాదు, అసలు అర్థమే కుదరని మాట. 17వ శతాబ్దపు అన్నంభట్టు, ఆంధ్రుడిగా పేరున్న ఆ తార్కికుడు, తర్కసంగ్రహంలో వాక్యానికి యోగ్యత ఉండాలని చెబుతూ నిప్పుతో తడపడాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. తడపడానికి నిప్పుకు యోగ్యత లేదు. సర్దుబాటు బోల్టే లేని చోట సర్దాననడమూ అంతే. ఈ ఒక్క సంగతి తెలిసి వెళ్ళినా కస్టమరు సగం మోసాల నుంచి తప్పించుకోవచ్చు.

కాశీకి వెళ్ళొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడని పండితుల్లో ఒక సామెత ఉంది. లీ హంటర్ 1946లో సెయింట్ లూయిస్‌లో పెట్టిన కంపెనీ మిషన్లు ఇవాళ అలైన్‌మెంట్‌కు మారుపేరు. ఆ మిషనుందని బోర్డు చూసి లోపలికి వెళ్ళేవాళ్ళకు ఆ సామెత గుర్తుండటం మంచిది.

దయ, చెప్పాలన్న కోరిక అన్న మిగతా రెండూ చాలా షాపుల్లో వ్యాపారం దెబ్బకు నలిగిపోతాయి. గంటకు ఎన్ని కార్లు దిగితే అంత ఆదాయం. ముందు టో పచ్చగా చేసి పంపేయడానికి పది నిమిషాలు చాలు. ఎత్తు తగ్గించిన బండికి ఎక్కువ సమయం పడుతుంది. బుష్షుల బోల్టులను కారు గాల్లో వేలాడుతుండగా బిగించారా, చక్రాల మీద నిలబెట్టి బిగించారా చూడాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి బండి సరైన ఎత్తులో నిలవదు. స్ప్రింగులు వేసి నాలుగు రోజులు తిరగనిచ్చి, అవి సర్దుకున్నాక కొలవాలి. ‘ఇవాళ చేయను, వచ్చే వారం రండి’ అనే మెకానిక్కు ఆ రోజు ఆదాయం వదులుకుంటున్నాడు. మన దేశంలో ఇంకో చిక్కుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది, 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిపరిచింది. ఎందుకొచ్చిన తంటా అనుకునే షాపువాడు నోరు మెదపకుండా పని కానిచ్చేస్తాడు. మూడో గుణం పోయేది అక్కడే.

ఇంతకీ ఈ గుణాలున్నాయని బయటివాడు ఎలా పసిగడతాడు? న్యాయసూత్రాల్లో వేదప్రామాణ్యం గురించిన వాదం ఒకటి ఇక్కడ అక్కరకొస్తుంది. ఆయుర్వేదం చెప్పింది చేస్తే రోగం తగ్గడం కంటికి కనిపిస్తుంది. కనిపించే భాగంలో మాట నిజమైనవాళ్ళను కనిపించని భాగంలోనూ నమ్మవచ్చు అన్నది గౌతముడి వరస. షాపులో కస్టమరుకు కనిపించే భాగం తక్కువేం కాదు. మిషను తగిలించే ముందు టైర్లలో గాలి చూశాడా? చక్రాన్ని పట్టి ఊపి బాల్ జాయింట్లలో ఆట ఉందేమో చూశాడా? పరికరం రిమ్ము మీద వంకరగా కూర్చున్నా లెక్క చెడకుండా బండిని ముందుకూ వెనక్కూ దొర్లించాడా? సర్దక ముందు అంకెలూ, సర్దిన తర్వాత అంకెలూ రెండూ కాగితం మీద ఇచ్చాడా? వీటికి శాస్త్రం అక్కర్లేదు, పక్కన నిలబడి చూస్తే చాలు. కస్టమర్లను పక్కన నిలబడనివ్వని షాపులూ ఉన్నాయి. దాన్నీ లెక్కలో వేసుకోవచ్చు.

ఈ వాదంలోని చిల్లును పట్టుకున్నవాడు 7వ శతాబ్దపు బౌద్ధుడు ధర్మకీర్తి. ఒక విషయంలో నిజం చెప్పినవాడు ఇంకో విషయంలోనూ చెబుతాడని గ్యారంటీ ఏముంది? గాలి శ్రద్ధగా చూసే మనిషి కాస్టర్‌ను ఆ శ్రద్ధతోనే చూస్తాడని ఏ తర్కమూ నిరూపించలేదు. అంతవరకు వచ్చి ధర్మకీర్తి ఆ వాదాన్ని పూర్తిగా పారేయలేదు. పరీక్షకు అందని విషయాల్లో కూడా మనిషి ఏదో ఒక దారిన నడవాలి కాబట్టి, పరీక్షకు అందినంతలో తప్పు దొరకని ఆగమాన్ని అనుసరించడం మేలని, అది లోపం లేని తర్కం కాబట్టి కాదు, వేరే గతి లేక అని ఒప్పుకున్నాడు. మతం గురించి అంత నిజాయతీగా మాట్లాడిన ఆస్తికులు ఎంతమంది ఉన్నారో లెక్క తీయాల్సిందే. నమ్మకాన్ని రుజువని పిలవకుండానే నమ్మడం ఆ మాటలోని విశేషం.

మిషను సంగతేమిటన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కోణాలు తప్పాయని చెబుతున్న మిషను కెమెరాలే తప్పితే? నాగార్జునకొండకు తన పేరు మిగిల్చిన ఆచార్య నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’లో నైయాయికులను నిలదీసింది ఇక్కడే. ప్రమాణాలతో వస్తువులు సిద్ధిస్తాయంటారు, మరి ప్రమాణాలు దేనితో సిద్ధిస్తాయి? ఇంకో ప్రమాణంతో అంటే దానికి అంతు లేదు, దేనితోనూ కాదంటే మీ వాదమే కూలుతుంది. న్యాయసూత్రాల్లో దీనికి దొరికే సమాధానం ఒక త్రాసు. బంగారాన్ని తూచేటప్పుడు త్రాసు ప్రమాణం. ముందే బరువు తెలిసిన బంగారంతో త్రాసునే పరీక్షించేటప్పుడు అది కొలతకు గురయ్యే వస్తువు. ఒకే వస్తువు వేర్వేరు వేళల్లో రెండు పాత్రలూ వేయగలదు.

అలైన్‌మెంట్ మిషను కాలిబ్రేషన్ అంటే అచ్చంగా ఇదే. అంత దూరం వెళ్ళకుండా చిన్న పరీక్ష కూడా ఉంది: పరికరాలు విప్పి, కారును ర్యాంపు దించి, మళ్ళీ ఎక్కించి కొలవడం. రెండోసారీ దాదాపు అవే అంకెలు వస్తే త్రాసు నిలకడగా ఉంది. నిలకడగా తప్పు చూపించే త్రాసులూ ఉంటాయని నాగార్జునుడి పక్షం వాళ్ళు వెంటనే అంటారు, అందులో నిజముంది. అప్పుడు పనికొచ్చేది నూలుదారం. కారుకు రెండు వైపులా, సమాన దూరంలో, దారం బిగించి, రిమ్ము ముందు అంచు నుంచీ వెనక అంచు నుంచీ దారానికి ఎంత దూరమో ఉక్కు స్కేలుతో కొలిస్తే టో తెలిసిపోతుంది. రేసు జట్లు ఈ పద్ధతిని ఇప్పటికీ వాడతాయి. ప్రత్యక్షం తప్ప దేన్నీ నమ్మని చార్వాకుడు కారు కొంటే షాపుకు వెళ్ళేవాడే కాదు, దారపు ఉండ కొనుక్కునేవాడు.

అన్నీ కుదిరాక కూడా పచ్చ గడి ఇంకో చిక్కు తెస్తుంది. ఆ హద్దులు కంపెనీ తన ఎత్తులో ఉన్న కారుకు చెప్పినవి. 30 మిల్లీమీటర్లు దిగిన బండికి సరైన అంకె ఏది? ట్రాక్ మీద మలుపులు కోసేవాడికి కేంబర్ ఎక్కువ కావాలి, రోజూ ఆఫీసుకు పోయేవాడికి టైరు నిలవాలి. అది మెకానిక్కు చెప్పగలిగింది కాదు. నౌక చుక్కానిని వడ్రంగి కంటే నడిపేవాడే బాగా అంచనా కడతాడనీ, విందు గురించి చెప్పాల్సింది వంటవాడు కాదు అతిథేననీ అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’లో అన్నది సోక్రటీసు ముడికి సగం జవాబు. సగమే, ఎందుకంటే విందు రుచి ఆ పూటే తెలుస్తుంది. టైరు తీర్పును కొంత ముందుకు జరుపుకోవడానికి చేయి సాయపడుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండి ఆపి, అరచేతిని టైరు మీద అడ్డంగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నిమరాలి. ఒకవైపు జారి మరోవైపు గీరుకుంటే తప్పు టోలో ఉంది. రెండు వైపులా నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రం పలచబడుతుంటే అది కేంబర్. మొదటిదానికి మళ్ళీ షాపుకు వెళ్ళాలి. రెండోదానికి, స్విఫ్ట్ లాంటి కారులోనైతే, స్ట్రట్‌కు వేరే బోల్టులు కొనాలో పాత స్ప్రింగులకే తిరిగి వెళ్ళాలో యజమానే తేల్చుకోవాలి.