క్షమయు పరిహారమును

అపకారము చేసినవానిని క్షమించుట ధర్మమని మనకు చిన్ననాటినుండి బోధించుచున్నారు. పాఠశాలలో మేమును అట్లే బోధించుచున్నాము. అయితే క్షమించుటకు అధికారి యెవడు? ఆ క్షమకు వెల చెల్లించువాడెవడు? ఈ ప్రశ్నలను మేము చాలకాలము వేసికొనలేదు. రహదారిపై జరిగిన యొక సంఘటనము వానిని మాచేత వేయించినది. అందు మా తప్పిదమును గలదు గావున, ముందుగా దానిని దాచక చెప్పి, పిమ్మట విచారణకు దిగెదము.

2023 వ సంవత్సరమున మా గ్రామసమీపమందలి రహదారిపై, మా పాఠశాలలో చదువు నొక బాలుని తండ్రిని వెనుకనుండి వచ్చిన కారు ఢీకొన్నది. అతడు దర్జీ, ముప్పదియెనిమిదేండ్లవాడు, సైకిలుపై ఇంటికి వచ్చుచుండెను. కుడికాలు రెండుచోట్ల విరిగినది. కారు నడపిన యువకుడును, అతని తండ్రియు పారిపోలేదు. వారే అతనిని ఆసుపత్రికి చేర్చిరి. మరునాడు తండ్రి పండ్లబుట్టతో వచ్చి చేతులు జోడించి, “పోలీసుల దాకా పోతే మావాడి ఉద్యోగం పోతుందండీ, ఇరవైవేలు ఇస్తాను, మీరే ఒకమాట చెప్పాలి” అని మమ్ము వేడుకొనెను. మేము జాలిపడితిమి. ఆసుపత్రి పుస్తకమున “మెట్లపై జారిపడెను” అని వ్రాయించుటకు సమ్మతించితిమి. రాజీపత్రమును మా చేతితోనే చక్కని అక్షరములతో వ్రాసితిమి. దర్జీ భార్యతో, “ఎవరి కర్మకు ఎవరు కర్తలమ్మా? కోర్టుకెక్కి బాగుపడినవారు లేరు” అంటిమి. ఒక సంసారమును కలహమునుండి తప్పించితిమని తృప్తితో ఇల్లు చేరితిమి గూడ.

ఎముక అతికినది గాని కాలు కురచయైనది. రెండవమారు శస్త్రచికిత్స కావలసివచ్చినది. ఇరువదివేలు మందులకే చాలలేదు. గంటలతరబడి కూర్చుండి మిషను త్రొక్కుట అతనికి అసాధ్యమాయెను. ఏడాది తిరుగకముందే మిషను అమ్ముడుపోయినది. తొమ్మిదవ తరగతి చదువు బాలుడు బడిమాని పనికి పోయెను. హాజరుపట్టీలో ఆ పేరు కొట్టివేయునప్పుడు మాకు మా రాజీపత్రము జ్ఞప్తికి వచ్చినది. కొన్నాళ్లకు ఆ తల్లి దారిలో కనబడి, కోపమేమియు లేకయే, “ఆ కాగితం మీరే రాశారు గదా మాస్టారూ, అందులో మావాడి చదువు సంగతి కూడా ఒక ముక్క రాసివుంటే బాగుండేది” అన్నది. దానికి మావద్ద ఉత్తరము లేకపోయెను. అటుపిమ్మట నొక న్యాయవాదిని అడిగితిమి. ఆసుపత్రి పుస్తకము మాకు ప్రతికూలసాక్షి; పోలీసుల రికార్డు శూన్యము; కారు సంఖ్యయైనను ఎవరును వ్రాసికొనలేదు. మేము సత్యమును చెరిపివేసితిమి. చెరిపినదానిని మరల ఎవరు చదువగలరు?

ఇట్టి రాజీలను సమర్థించుటకు మనవారు మూడు హేతువులు చెప్పుదురు. మేమును ఆనాడు వానినే చెప్పితిమి. ఒక్కొక్కటి పరీక్షింతము.

మొదటిది కర్మము. గాయపడుట విధివిలాసమనియు, దానికొరకు వ్యాజ్యమాడుట విధిపై వ్యాజ్యమాడుటయే యనియు అందురు. అట్లయినచో వైద్యునివద్దకు పోవుట మాత్రము విధిని ధిక్కరించుట కాదా? విరిగిన ఎముకకు కట్టు కట్టించుకొనుట కర్మసిద్ధాంతమునకు విరుద్ధము కానిచో, విరిగిన సంసారమునకు కట్టు కట్టించుకొనుట మాత్రమేల విరుద్ధమగును? మనదేశమున 2022 వ సంవత్సరమున రహదారులపై 1,68,491 మంది మరణించిరనియు, 4,43,366 మంది గాయపడిరనియు కేంద్రప్రభుత్వపు రవాణాశాఖ ప్రకటించినది. ఇందరి విషయమున విధిని పేర్కొని ఊరకుండుట వేదాంతము గాదు, అజాగ్రత్తకు అభయమిచ్చుటయే.

రెండవ హేతువు మరింత సూక్ష్మమైనది. కాలికి డబ్బు పుచ్చుకొనుట శరీరమును అమ్ముకొనుటవంటిదని అభిమానవంతులు సంకోచింతురు. ఈ సంకోచము గౌరవింపదగినదే గాని, పరిహారమనగా నేమో తెలియకపోవుటచే కలిగినది. మన స్మృతికర్తలు దీనిని ఎరుగుదురు. అంగమునకు హాని చేసినవానిచే ‘సముత్థానవ్యయము’ ఇప్పింపవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున విధించినది. యాజ్ఞవల్క్యుడును ఈ మాటనే చెప్పెను. పడినవాడు మరల లేచి నిలుచుటకగు వ్యయమని ఆ పదమున కర్థము. ఇంతకంటె చక్కని నిర్వచన మేది? అది కాలికి వెల గాదు, లేచుటకు ఊత. ఆ యధ్యాయముననే బండి ప్రమాదముల ప్రస్తావనయు గలదు. ఇరుసు విరిగినను, కాడి విరిగినను, తొలగుడని సారథి కేక వేసినను దోషము లేదనియు, సారథి అసమర్థుడైనచో యజమానికి రెండువందల పణముల దండన మనియు చెప్పబడినది. బండివాని తప్పునకు బండి గలవాడు బాధ్యుడను భావము మనకు క్రొత్త కాదన్నమాట. ఆ స్మృతియే వర్ణమునుబట్టి దండనలను హెచ్చించి తగ్గించినది. దానిని మనము త్రోసివేసితిమి, త్రోసివేయవలసినదే. కాని మంచిమాట ఎచ్చటనున్నను గ్రహించుటకు అభ్యంతర మేల?

ఆంగ్లేయుల న్యాయము ఈ విషయమున మనకంటె ఆలస్యముగా కన్నులు తెరచినది. గాయపడినవాడు బ్రదికియున్నచో దావా చేయవచ్చునుగాని, చనిపోయినచో అతని భార్యాబిడ్డలకు ఏమియు రాదని 1808 లో అచ్చటి న్యాయమూర్తి యొకడు తీర్పు చెప్పెను. అనగా చంపుటకంటె గాయపరచుటయే అధికవ్యయము! ఈ యన్యాయమును తొలగించుటకు 1846 లో అచ్చట శాసనము చేసిరి. దాని ననుసరించి 1855 లో మనదేశమునకును ఒక చట్టము వచ్చినది. పిమ్మట 1939 నాటి మోటారు వాహనముల చట్టమును, నేడు అమలునందున్న 1988 నాటి చట్టమును వెలసినవి. కావున నేడు గాయపడినవాడు ట్రిబ్యునలు ముందు నిలుచుట యాచన గాదు. అనేకతరముల విచారణచే స్థిరపడిన హక్కును అడుగుట.

మూడవ హేతువు దయ. కారు నడపినవాడు చెడును గదా యని మేము జాలిపడితిమి. ఇచ్చట మేము రెండు వేర్వేరు వస్తువులను కలిపివేసితిమి. శిక్ష వేరు, పరిహారము వేరు. అపరాధికి శిక్ష తగ్గవలెనని కోరువాడు దానిని గూర్చి న్యాయస్థానమున చెప్పుకొనవచ్చును. పరిహారము మాత్రము సాధారణముగా అతని సంచినుండి రాదు. రహదారిపై తిరుగు ప్రతి వాహనమునకును పరులకు కలుగు హానికై బీమా ఉండవలెనని చట్టము నిర్బంధించుచున్నది. యజమానులందరును ఏటేట రుసుము చెల్లించునది ఇట్టి దినముకొరకే. ఆ బీమా నుండి న్యాయముగా రావలసిన ధనమును, ఆ యువకుని మీది జాలితో దర్జీ సంసారముచే మేము వదలించితిమి. మేము క్షమించితిమి; వెల దర్జీ కొడుకు చెల్లించెను. పరుల సొమ్ముతో చేయు దానము దానము గాదన్నట్లే, పరుల గాయముతో చూపు క్షమయు క్షమ గాదు.

ఎంత వెల చెల్లించెనో లెక్క వేయుదము. దర్జీ నెలకు 15,000 రూపాయలు ఆర్జించెననుకొందము, ఏటికి 1,80,000. కాలు చెడుటచే అతని ఆర్జనశక్తి నూటికి 40 వంతులు తగ్గెననుకొన్నచో ఏటి నష్టము 72,000. ముప్పదియారు మొదలు నలుబదియేండ్ల వయసువారికి ఆ నష్టమును 15 చే గుణింపవలెనని 2009 లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించిన పట్టికలో గలదు. గుణించినచో 10,80,000 రూపాయలు. వైద్యవ్యయము, బాధ, మున్ముందు ఆర్జన పెరుగదగిన యంశము వేరుగా చేరును. ఇచ్చట నింకొకటి గమనింపవలెను. వైద్యుడు వ్రాసియిచ్చు అంగవైకల్యశాతము వేరు, ఆర్జనశక్తి కోల్పోయిన శాతము వేరు. అదే కాలు మాకు విరిగినచో కుర్చీలో కూర్చుండి పాఠము చెప్పగలము; దర్జీ మిషను త్రొక్కలేడు. కావున తన పని ఎట్టిదో, అందు ఏ యవయవ మెంత యవసరమో ట్రిబ్యునలు ముందు వివరముగా చెప్పుకొనవలెను.

ఈ కొలత నిర్దోషమని మేము చెప్పజాలము. ఆర్జననుబట్టి లెక్కించుటచే ధనవంతుని కాలు అధికము, పేదవాని కాలు అల్పము నగుచున్నది. వర్ణమునుబట్టి దండన నిర్ణయించిన స్మృతిని నిందించు మనము దీనినిగూర్చియు ఆలోచింపవలదా? అయినను కొంత దిద్దుబాటు జరుగుచున్నది. జీతమెరుగని గృహిణి యింటిచాకిరికిని విలువ కట్టవలెనని 2021 లో సర్వోన్నత న్యాయస్థానము దృఢపరచినది. తప్పెవరిదో నిరూపింపకయే పొందదగిన మొత్తము, మృతికి 5,00,000, తీవ్రగాయమునకు 2,50,000 రూపాయలుగా, ధనిక దరిద్ర భేదము లేక నిర్ణయింపబడినది. గ్రుద్ది పారిపోయిన వాహనమేదో తెలియనిచో, మృతికి 2,00,000, తీవ్రగాయమునకు 50,000 వేరొక నిధినుండి ఇత్తురు.

ఇక ఆచరణ. గాయపడినవానిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. 112 సంఖ్యకు ఫోను చేయవలెను. సాయపడినవానిని వేధింపరాదని చట్టమే రక్షణ కల్పించినది గావున ఎవరును వెనుదీయ నక్కరలేదు. 2025 మే నెలలో ప్రకటింపబడిన పథకముచొప్పున, ప్రమాదదినము మొదలు ఏడుదినములవరకు 1,50,000 రూపాయల మేరకు నిర్ణీతమైన ఆసుపత్రులలో సొమ్ము చెల్లింపకయే చికిత్స పొందవచ్చును. ఆసుపత్రి పుస్తకమున జరిగినది జరిగినట్లు వ్రాయింపవలెను. వాహనపు సంఖ్యను, చూచినవారి పేర్లను గుర్తుంచుకొనవలెను. పోలీసులకు తెలిపి ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని పుచ్చుకొనవలెను. మందుల చీటి యొక్కటియైనను పారవేయరాదు. తెల్లకాగితముపై సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయరాదు. ప్రమాదము జరిగినచోటనే గాక, గాయపడినవాడు నివసించుచోటనున్న ట్రిబ్యునలునందును దరఖాస్తు చేయవచ్చును. 2022 ఏప్రిల్ 1 నుండి దీనికి ఆరునెలల గడువు పెట్టిరి; ఆ నిబంధన సర్వోన్నత న్యాయస్థానమున ప్రశ్నింపబడినదిగాని, తీర్పులను నమ్ముకొని జాగుచేయుట వివేకము గాదు.

న్యాయవాదినిగూర్చియు ఒకమాట. ఆసుపత్రి వాకిటనే కాచియుండి “మీ కేసు మాకీయుడు, వచ్చినదానిలో మూడవవంతు మాది” అనువారు కొందరు గలరు. ఫలితములో వాటా మాటాడుకొనుటయు, కక్షిదారులను వెదకుకొనిపోవుటయు న్యాయవాదులకు వారి వృత్తినియమములే నిషేధించినవి. నియమము తప్పి వచ్చినవాడు మన విషయమున నియమము పాటించునని ఎట్లు నమ్మగలము? స్త్రీలకు, బాలురకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 1987 నాటి చట్టముచొప్పున ఉచితముగా న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయసేవాధికారసంస్థను అడుగవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. రాజీయే కోరుదురా? లోక్ అదాలతు గలదు. అచ్చటి రాజీకి డిక్రీతో సమానమైన బలము గలదు. సాధారణముగా దానిపై అప్పీలు లేదు గావున, లెక్క తెలిసికొనినపిమ్మటనే ఒప్పుకొనవలెను. మేము రాజీని నిందించుటలేదు. చీకటిలో చేయు రాజీని నిందించుచున్నాము.

పరిహారమునకై అబద్ధములాడువారు లేరా యని కొందరడుగుదురు. ఉన్నారు. లేని గాయమును కల్పించువారును, వేరొక వాహనమును తెచ్చి నిలుపువారును ఉన్నారు. వారు దోచునది అందరు చెల్లించిన నిధిని. నిజముగా గాయపడినవాని మాటను కూడ వారు అనుమానాస్పదము చేయుచున్నారు. కాని వారిని దూషించుటకు నోరు తెరచినప్పుడు మాకు “మెట్లపై జారిపడెను” అను మాట అడ్డువచ్చుచున్నది. లోభముతో ఆడిన అబద్ధమును, జాలితో ఆడించిన అబద్ధమును న్యాయము త్రోవను ఒక్కతీరుననే మూసివేయును. ఈ రెంటికిని మందు ఒక్కటే: జరిగినది జరిగినట్లు చెప్పుట.

ఆ బాలుని మరల బడిలో చేర్చితిమి. ప్రతినెల మా జీతమునుండి కొంత వాని యింటికి పంపుచున్నాము. ఊరివారు దీనిని ధర్మమని మెచ్చుకొనుచున్నారు. అది ధర్మము గాదనియు, మేము వ్రాసిన కాగితమునకు మేము చెల్లించుచున్న సముత్థానవ్యయ మనియు వారికి తెలియుటకే ఈ వ్యాసము వ్రాసితిమి.