మూడు అంగళ్లు, మూడు మాటలు

ఒకే దీపమును గూర్చి ముగ్గురు పనివారు మూడు విధములుగా చెప్పినయెడల, ఆ పని తెలియని మనము ఎవరి మాట నమ్మవలెను? గత వేసవిలో ఈ ప్రశ్న మాకే ఎదురైనది.

మా పాత కారులో, స్టీరింగు ముందరి పలక మీద, టైరు గుర్తుగల పసుపుపచ్చ దీపము వెలిగెను. టైర్లు చెడి అనేకులు చనిపోయిన పిమ్మట, గాలి తగ్గినప్పుడు హెచ్చరించు సాధనము కొత్త కార్లలో నుండవలెనని అమెరికాలో 2000 సంవత్సరమున చట్టము చేసిరి. ఇప్పుడు మన దేశపు కార్లు అనేకములలోను అది యున్నది. మా కారులో ఒక్కొక్క చక్రము లోపల చిన్న సెన్సారు కూర్చుండి గాలి లెక్కను రేడియో ద్వారా పంపుచుండును.

మొదట రోడ్డు ప్రక్కనున్న పంక్చరు షాపునకు పోతిమి. అతడు గేజి పెట్టి చూచి, "అయ్యగారూ, నాలుగింటికీ గాలి సరిపోయింది. ఆ లైటు మీద ప్లాస్టరు ముక్క అంటించేయండి" అనెను. డబ్బులును పుచ్చుకొనలేదు. ఆ మాట మాకెంతో ఇంపుగా నుండెను. నిజముగనే అంటించి రెండు వారములు తిరిగితిమి. రెహబాము రెండు పక్షములవారిని అడిగి తనకు ఇష్టమైన ఆలోచననే ఏరుకొనెను. మేము రెండవవాని నడుగనైన లేదు.

ఒక ఆదివారము బడి పిల్లలను ఎక్కించుకొని పోవుచుండగా, ఒక చిన్నవాడు ఆ ముక్కను గిల్లుచు "దీని కింద ఏముందండీ?" అనెను. మేకు దిగి నిజముగా గాలి పోయినను ఇక మాకు తెలియదు గదా అని అప్పుడు గుండె ఝల్లుమన్నది.

పట్టణములోని గ్యారేజి మేస్త్రీ "నాలుగు సెన్సార్లూ పోయాయండీ, అన్నీ మార్చాలి" అని వేలలో లెక్క చెప్పెను. మూడవచోట టైర్ల దుకాణములో ఒక చిన్న యంత్రమును ఒక్కొక్క చక్రము దగ్గర పట్టి చూపిరి. మూడు పలికినవి, వెనుక ఎడమది పలుకలేదు. అందులోని బ్యాటరీ అయిపోయినదట. అది లోపలనే మూసివేయబడి యుండును గనుక ఆ సెన్సారునే మార్చవలెను.

ఇంటికి చేరులోగానే, మొదటివాడు తెలియనివాడనియు, రెండవవాడు దొంగయనియు నలుగురితో చెప్పివేసితిమి.

ఆ రాత్రి కారుతో వచ్చిన పుస్తకము తెరచితిమి. దీపము మొదటినుండి నిలకడగా వెలిగినయెడల గాలి తగ్గినట్లు. బండి తీయగానే నిమిషముసేపు మినుకుమినుకుమని పిమ్మట నిలిచినయెడల సాధనమే చెడినట్లు. మా దీపము మొదటి దినమునుండియు మినుకుచునే యుండెను. మేము చూచితిమి, అయితే తొందరలో లక్ష్యపెట్టలేదు. ముగ్గురిలో ఎవరికిని ఆ సంగతి చెప్పలేదు. సగము సాక్ష్యము తీసికొనిపోయి పూర్తి తీర్పు అడిగితిమి!

పంక్చరు షాపువాడు గాలిని గూర్చి చెప్పినది నిజమే. గ్యారేజివాని సంగతి అంత సులభము కాదు. ఈ బ్యాటరీలు సాధారణముగా అయిదు మొదలు పది సంవత్సరములు వచ్చును. మా కారునకు ఎనిమిది నిండినవి. ఒకటి పోయిన తరువాత తక్కినవియు పోవుట ఎంతో దూరములో లేదు. ప్రతిసారి టైరు ఊడదీయుటకంటె ఒకేసారి మార్చుట మేలని చెప్పువారు కలరు. అయితే అతడు "పోతాయి" అనలేదు, "పోయాయి" అనెను, ఏదియు చూపలేదు. అది తప్పే. అది దొంగతనమో, తొందరయో మాకు తెలియదు. తెలియకుండగనే దొంగయని పేరు పెట్టితిమి.

ఒక్క సెన్సారు మార్పించితిమి, దీపము ఆరిపోయినది. మేము చెప్పిన మాట మాత్రము ఆ నలుగురి యొద్ద ఇంకను తిరుగుచున్నది. వచ్చు వారము మొదట వారి యిండ్లకు పోవలెను. తరువాత ఆ గ్యారేజికి పోయి, మిగిలిన మూడును ఎన్నాళ్లు వచ్చునో ఆ మేస్త్రీనే అడుగవలెనని యున్నాము.