నాలుగు కళ్లాల గట్టు

పాలకొండకి దిగువన, నాగావళి ఒడ్డున ఒక రైతు. ఆ ఏడు పంట విరగపండింది. సంక్రాంతి ముందు నూర్పు అయిపోయింది. ఇక తూర్పారబట్టి గింజని గాదెలో పోసుకోవడమే మిగిలింది.

మొదటిరోజు గాలి లేదు. రైతు బల్లెక్కి చేటతో వడ్లు ఎగరేశాడు. పైన ఒక్క క్షణం గింజా పొల్లూ విడిపోయినట్టే కనిపించాయి. కిందికొచ్చేసరికి పడినచోటే మళ్లీ కలిసిపోయాయి. పొద్దుగూకేసరికి ఒంటిమీద చెమట తప్ప ఏమీ మిగల్లేదు.

రెండోరోజు గాలి వీచింది. గింజ ఒకవైపు, పొల్లు ఒకవైపు పడ్డాయి. రైతు మురిసిపోయాడు. కానీ గట్టు పొడవునా నాలుగు కళ్లాలు, ఆ గట్టుకి తూర్పుకొసన గాదె, పడమటికొసన పెరడు. గింజ గంపలతో కొడుకులు తూర్పుకీ, పొల్లు గంపలతో కూలీలు పడమటికీ బయల్దేరారు. నడిమధ్యన ఎదురుపడ్డారు. గంపకి గంప తగిలింది, రెండూ ఒలికి ఒకటయ్యాయి. గట్టుమీద ఒకచోట గొయ్యి ఉంది. అందులో కాలు దిగబడి గింజ గంపతో నిలబడిపోయినవాడిని, ఎదురుగా వచ్చిన పొల్లు గంప గుద్దేసింది.

"ఏరు సెయ్యడం అయింది మావా, ఏరుగా ఇంటికి సేర్సడమే అవలేదు" అంది గజపతినగరం నుంచి వచ్చిన కోడలు. "గింజకో గట్టు, పొల్లుకో గట్టు ఎయ్యాల."

మరుసటేడు రైతు రెండు గట్లూ వేశాడు. చిన్న కళ్లాలెందుకని ఊరవతల ఒకటే పెద్ద కళ్లం చేశాడు. దూరపు మడుల పనలు అక్కడికి చేరేలోపే మంచుకి తడిసి ముక్కిపోయాయి. మూడో ఏడు తెలివి తెచ్చుకున్నాడు. ప్రతి మడి పక్కనా చిన్న కళ్లం వేశాడు, రెండు గట్లనీ ఎక్కడా తెగకుండా చూశాడు. ఆ ఏడు గాదె నిండింది.

నీతి: విడదీసినవి వేర్వేరుగా గమ్యం చేరేదాకా పని అయినట్టు కాదు.

ఈ కథ సేంద్రియ సౌరఘటం గురించి. కార్బన్ అణువులతో చేసిన పలుచని పొర మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసిన చోటైన రంధ్రం జంటగా పుడతాయి. గింజకీ పొల్లుకీ ఒకదాని మీద ఒకటి మమకారం లేదు. వీటికి ఉంది, ఈ కథ సరిపోనిది అక్కడే. సిలికాన్‌లో రోధక స్థిరాంకం (డైఎలక్ట్రిక్ స్థిరాంకం) దాదాపు 12, కాబట్టి ఆ ఆకర్షణ పలచబడుతుంది. సేంద్రియ పదార్థాల్లో అది 3, 4 మాత్రమే. జంట గట్టిగా పట్టుకునే ఉంటుంది. పైగా సుమారు 10 నానోమీటర్లు తిరిగేలోపు ఎలక్ట్రాన్‌ని లాక్కునే రెండో పదార్థపు అంచు తగలాలి. లేకపోతే ఆ జంట వేడిగానో వెలుగుగానో ఆరిపోతుంది. మంచుకి తడిసిన పనలంటే అవే.

1986లో చింగ్ టాంగ్ అనే శాస్త్రవేత్త రెండు పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి వెలుగుని కరెంటుగా మార్చడంలో సుమారు 1 శాతం సామర్థ్యం సాధించాడు. 1995లో శాస్త్రవేత్త హీగర్ బృందం రెండు పదార్థాలనీ కలగలిపేసింది. ప్రతి మడి పక్కనా కళ్లం వచ్చినట్టయింది. కానీ మరీ మెత్తగా కలిపితే దారులు తెగిపోతాయి, ఎదురెదురు ఆవేశాలు గట్టుమీద గంపల్లా ఢీకొంటాయి. దీన్నే పునస్సంయోగ నష్టం అంటారు. విడిపోయిన జంట తిరిగి తమలో తామే కలిస్తే అది మొదటిరోజు చెమట. వేర్వేరు జంటల నుంచి వచ్చినవి దారిలో కలిస్తే రెండోరోజు గట్టు. ఆ కలయిక ఎంత వేగంగా జరుగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని భౌతిక శాస్త్రవేత్త లాంజెవిన్ 1903లోనే, వాయువుల్లోని అయాన్ల కోసం రాశాడు. పదార్థంలోని లోపాల్లో ఆవేశం చిక్కుకుంటే, అది ఆ గొయ్యి.

ఇప్పుడు ప్రయోగశాలల్లో సామర్థ్యం 19 శాతం దాటింది. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఆ పొర మందం విషయం. మందం పెంచితే అది ఎక్కువ వెలుగు పీల్చుకుంటుంది, కానీ గట్టు పొడుగవుతుంది, ఎదురుపడేవి పెరుగుతాయి. అందుకే చాలా ఘటాల్లో ఆ పొరని ఇంకా 100 నానోమీటర్ల దగ్గరే ఆపుతున్నారు.