ఇవ్వనిది తీసుకుని ధమ్మచక్రం గీయొచ్చా?

ఈసారి ఒక చిన్న విషయం మాట్లాడుకుందాం. చిన్నదే గానీ అరికాల్లో ముల్లులాంటిది. ధమ్మచక్రం బొమ్మ గీయడం గురించి.

కొన్నేళ్ళ కిందట బుద్ధ పూర్ణిమకి మా పేటలో కట్టే ఫ్లెక్సీని నేనే తయారు చేశాను. ఒక పక్క బుద్ధుడు, ఇంకో పక్క బాబాసాహెబ్, నడుమ పెద్ద నీలం చక్రం. ఒక డీటీపీ షాపులో కూర్చుని, ఒక్కో ఆకునీ కంటి అంచనాతో తిప్పి అతికించాను. ఫ్లెక్సీ కట్టాం, దీపాలు పెట్టాం, అందరి చేతా పంచశీల చెప్పించాను. సభ అయ్యాక ఇంటర్ చదివే కుర్రాడొకడు దగ్గరకొచ్చి, "బాబాయ్, చక్రంలో ఆకులు ఇరవై మూడే ఉన్నాయండి" అన్నాడు. లెక్కపెట్టాను. నిజమే.

నవ్వేసి ఊరుకుందును. కానీ వాడు ఇంకో మాట అడిగాడు. "ఇది చేసిన సాఫ్ట్‌వేర్ కొన్నదేనా అండి, క్రాక్ వేసిందా?"

అరగంట ముందే ఇవ్వనిది తీసుకోనని అందరి చేతా అనిపించినవాణ్ణి నేను. "అందరూ అదే వాడతారు రా" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. తక్కువైన ఆకుని మర్నాడు సరిచేశాను. రెండో ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. దొంగ కాపీతో ధమ్మచక్రం గీయొచ్చా?

మీరు ఏమంటారో నాకు తెలుసు. నేనూ నాకు అవే చెప్పుకున్నాను.

మొదటిది: ఆ కంపెనీ కోట్లు గడించింది, మన ఒక్క కాపీతో దానికి పోయేదేంటి? రెండోది: కొబ్బరికాయ కోసుకుపోతే తోటవాడికి కాయ తగ్గుతుంది, సాఫ్ట్‌వేర్ కాపీ చేస్తే అవతలివాడి దగ్గర తగ్గేదేం లేదు, ఇది దొంగతనం ఎలా అవుతుంది? మూడోది అన్నిటికంటే బలమైంది: వేల ఏళ్ళు మనకి అక్షరం అందనీయలేదు. బడిలో బాబాసాహెబ్‌ని విడిగా గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. మన దగ్గర అంత దోచుకున్నవాళ్ళ లోకంలో ఒక సాఫ్ట్‌వేర్ కాపీ చేసుకుంటే తప్పేంటి?

ఒక్కొక్కటీ చూద్దాం. కోపం లేకుండా చూద్దాం.

బుద్ధుడు రెండో శీలానికి పెట్టిన పేరు అదిన్నాదానం. అదిన్న అంటే ఇవ్వనిది. పరుల సొమ్ము అనో, విలువైన వస్తువు అనో అనలేదు, ఇవ్వనిది అన్నాడు. సొంతదారు ధనికుడా పేదవాడా, అతనికి ఎంత తగ్గింది అన్నదాని మీద ఈ శీలం నిలబడలేదు. ఇచ్చారా, ఇవ్వలేదా? అంతే. వినయ పిటకం చూడండి. సుంకం కట్టాల్సిన వస్తువుని సుంకం స్థలం దాటించి తీసుకుపోవడాన్ని కూడా భిక్షువుల విషయంలో ఇవ్వనిది తీసుకోవడం కిందే లెక్కేశారు. అక్కడ నష్టపోయేది రాజుగారి ఖజానా. ఖజానా పెద్దదని మినహాయింపు ఇవ్వలేదు. మొదటి వాదం అక్కడితో సరి.

రెండో వాదంలో కొంత నిజముంది. కాపీ వల్ల వస్తువు తరగదు. కానీ శీలం కాపలా కాసేది అవతలివాడి పెట్టెకి మాత్రమే కాదు, మన మనసుకి కూడా. బుద్ధుడు చేతననే కర్మ అన్నాడు. క్రాక్ వేసేటప్పుడు మన చేతన ఏంటి? ఇంటర్నెట్ తీసేయ్, కంపెనీకి తెలుస్తుంది అంటాం. బిల్లు అడిగితే మాట మారుస్తాం. ఒక దాపరికం ఇంకో అబద్ధాన్ని పిలుస్తుంది. రెండో శీలం జారితే నాలుగోదీ దానితో జారుతుంది. ఆ కుర్రాడి ముందు నాకు జరిగింది అదే.

మూడో వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన అక్షరం దోచుకున్నారన్నది నిజం. కానీ ఆ దోపిడీ ఏ రూపంలో జరిగిందో గుర్తు చేసుకోండి. గుప్పిట మూసి జరిగింది. ఇది మా విద్య, మీరు వినకూడదు, ముట్టకూడదు అన్నారు. మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుడు ఆనందుడితో, తన బోధలో గురువు దాచుకున్న గుప్పిటంటూ ఏదీ లేదని స్పష్టంగా చెప్పాడు. మూసిన గుప్పిట్లోంచి మనం దొంగచాటుగా లాక్కుంటే మనకి ఒక వస్తువు దక్కుతుందేమో, గుప్పిట మాత్రం మూసే ఉంటుంది. మన పక్కింటి పిల్లకి మళ్ళీ అదే దొంగచాటు దారి. మనకి కావలసింది గుప్పిట తెరుచుకోవడం.

తెరిచిన గుప్పిట ఒకటి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్. 2003లో సోడిపోడి అనే పాత ప్రోగ్రాం నుంచి చీలి మొదలైంది. లోకమంతా ఉన్న ఔత్సాహికులు కలిసి పెంచుతున్నారు. దీన్ని డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. అంతకంటే పెద్ద సంగతి, దాని లైసెన్సు ఇచ్చే హక్కులు. ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూసి నేర్చుకోవచ్చు, పదిమందికి పంచొచ్చు, మార్చుకోవచ్చు. షరతు ఒకటుంది: మార్చి ఇంకొకరికి ఇస్తే, వాళ్ళకీ ఇదే హక్కు ఇవ్వాలి. అంటే తీసుకున్నవాడు గుప్పిట మూయకూడదు. నాకిది దానం లాగే కనిపించింది. వండిన అన్నం పెట్టడమే కాదు, వంట నేర్పి పొయ్యి కూడా అప్పజెప్పినట్టు. మన తెలుగు అక్షరాలకీ ఇలా ఇచ్చినవి ఉన్నాయి. మండలి, రామభద్ర, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

ఇక చక్రం గీద్దాం. చదివి వదిలేయకండి, కంప్యూటర్ దగ్గరున్న మీ పిల్లల్ని కూర్చోబెట్టి చేయించండి.

వృత్తం పనిముట్టు తీసుకుని, కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కిపట్టి లాగండి. నడిమి నుంచి అన్ని వైపులా సమానంగా గుండ్రం వస్తుంది. ఇది చక్రం పట్టా. అదే కేంద్రంగా చిన్న గుండ్రం గీస్తే చక్రం కుండ. కేంద్రం నుంచి పట్టా దాకా సన్నటి ఆకు ఒకటి గీయండి. ఆ ఆకు మీద ఒకసారి నొక్కితే సాగదీసే బాణాలు వస్తాయి, మళ్ళీ నొక్కితే తిప్పే బాణాలు వస్తాయి. అప్పుడు ఆకు మధ్యలో చిన్న కూడిక గుర్తు కనిపిస్తుంది. అది తిరుగుడు కేంద్రం. దాన్ని పట్టుకుని లాగి చక్రం కేంద్రం మీద పెట్టండి. ఇప్పుడు కంట్రోల్, డి కలిపి నొక్కితే ఆకుకి జోడీ తయారవుతుంది. గళ్ళ బ్రాకెట్ మీట ఒకసారి నొక్కితే ఆ జోడీ 15 డిగ్రీలు తిరుగుతుంది. మళ్ళీ జోడీ, మళ్ళీ బ్రాకెట్. 23 సార్లు. అంతే, 24 ఆకులు.

15 డిగ్రీలే ఎందుకంటారా? ఆ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే కొలతే అది. 360ని 24తో భాగిస్తే వచ్చేదీ 15. నేను కంటితో అంచనా వేసి ఒక ఆకు పోగొట్టుకున్నాను. కేంద్రం సరిగ్గా పెట్టుకుంటే పోదు. ఆ కూడిక గుర్తుని లాగి పెట్టడం మర్చిపోయి చూడండి, ఆకు ఉన్నచోటే గింగిరాలు కొడుతుంది, చక్రం మాత్రం అవదు.

ఇంకో పద్ధతి ఉంది, క్లోన్లు చేయడం. అప్పుడు 24 ఆకులూ మొదటి ఆకుని ఆనుకుని ఉంటాయి. మొదటి దాన్ని కాస్త సన్నం చేస్తే అన్నీ సన్నమవుతాయి. రంగు మారిస్తే అన్నీ మారతాయి. పటిచ్చసముప్పాదం మన కుర్రాళ్ళకి చెప్పాలంటే నేనిప్పుడు ఇదే చూపిస్తాను. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది మారితే అది మారుతుంది. 24 ఆకుల్ని పన్నెండు నిదానాల రాకగా, పోకగా మనవాళ్ళు చెప్పుకునేది కూడా ఇక్కడ బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు మనూళ్ళ దగ్గరికే వద్దాం. అమలాపురం, రాజోలు మధ్య మామిడికుదురు మండలంలో వైనతేయ గోదావరి పక్కన ఆదుర్రు ఉంది. ఊరివాళ్ళు దుబరాజు గుడి అని పిలిచే దిబ్బ మీద బౌద్ధ స్థూపం ఉంది. వెళ్ళనివాళ్ళు ఒక్కసారి వెళ్ళి చూడండి. దాని ఇటుక కట్టడం చక్రం ఆకారంలో ఉంటుంది. నాగార్జునకొండలోనూ అంతే. అక్కడి స్థూపాల పునాదులు కొన్ని 4 ఆకులవి, కొన్ని 6, 8, 10 ఆకులవి. నడుమ కుండ, చుట్టూ పట్టా, రెంటినీ కలుపుతూ ఇటుక గోడలు, ఆ గోడల మధ్య మట్టి. పైన అండం కట్టేశాక ఆ ఆకులు ఎవరికీ కనపడవు. పూజకి వచ్చినవాళ్ళు బయటి గుండ్రాన్నే చూసి దండం పెట్టారు. బరువు మోసింది మాత్రం లోపల కనపడని ఆకులే. పైభాగం పడిపోయిన ఇన్నాళ్ళకి మనకి మిగిలింది కూడా అవే.

మన ఫ్లెక్సీ కూడా అంతే కదా. చూసేవాళ్ళకి చక్రం కనిపిస్తుంది. అది ఏ పనిముట్టుతో వచ్చిందో, ఆ పనిముట్టు ఎలా వచ్చిందో కనపడదు. కనపడదు కాబట్టి ఫర్వాలేదని మనం అనుకుంటాం. కట్టినవాళ్ళు అలా అనుకోలేదు. కనపడని చోట కూడా ఆకుల్ని లెక్క ప్రకారమే పేర్చారు.

1956 నవంబరులో, అంటే నాగపూర్ దీక్ష అయిన నెల తర్వాత, బాబాసాహెబ్ ఖాట్మండులో బుద్ధుడి గురించీ కార్ల్ మార్క్స్ గురించీ మాట్లాడారు. దుఃఖం పోవాలన్న గమ్యం దగ్గర ఇద్దరికీ పెద్ద తేడా లేదు, తేడా దారిలోనే అన్నది ఆయన వాదం. గమ్యం మంచిదైతే దారి ఎలాంటిదైనా ఫర్వాలేదన్న మాట ఆయనకి నచ్చలేదు. ధమ్మచక్రం గీయడం మంచి గమ్యం. దారి మాట కూడా అడగమని ఆయనే నేర్పారు.

ఇది రాయడం ఎవర్నీ నిలదీయడానికి కాదు. షాపులో జీతానికి కూర్చుని, యజమాని పెట్టిన సాఫ్ట్‌వేర్ మీద పెళ్ళికార్డులు చేసే కుర్రాడి మీద నేను వేలు చూపించను. శీలాన్ని మనవాళ్ళు శిక్షాపదం అన్నారు. అంటే నేర్చుకునే మెట్టు, పాపాల చిట్టా కాదు. తెలియనంతకాలం అది అలవాటు. వేరే దారి ఉందని తెలిశాక కూడా చేస్తే, అది మనం ఎంచుకున్నది. తేడా అక్కడే.

కష్టాలూ దాచను. ప్రింటింగ్ వాళ్ళు వాడే రంగుల పద్ధతి వేరు, తెరమీద చూసిన నీలం ఫ్లెక్సీ మీద కొంచెం మారొచ్చు, ముందు చిన్న ముక్క వేయించి చూసుకోవాలి. ఫైల్ పీడీఎఫ్‌గా ఇవ్వాలి. పాత ఫాంట్లలో టైపు చేసిన మేటర్ యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. నాకు చేయి తిరగడానికి రెండు నెలలు పట్టింది.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మన జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెట్టాలన్నప్పుడు 2022 మే 24న అమలాపురంలో మంటలు చూశాం. పేరు నిలబడింది. ఆ పేరు కింద బతికేవాళ్ళుగా ఇక మనల్ని లోకం చూస్తుంది. లోకం సంగతి అలా ఉంచండి, మన పిల్లలు చూస్తారు. ఆకులు లెక్కపెడతారు. పెట్టాలి కూడా.

ఆ కుర్రాడు ఇప్పుడు మా పేటలో ఆదివారాలు పదిమంది పిల్లలకి ఇంక్‌స్కేప్ నేర్పుతున్నాడు. పోయిన పూర్ణిమ ఫ్లెక్సీ వాళ్ళే చేశారు. కట్టేముందు నన్ను పిలిచి, "లెక్కపెట్టండి బాబాయ్" అన్నాడు. లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. తర్వాత పంచశీల చెప్పించాను. రెండో శీలం దగ్గర ఈసారి నా గొంతు తడబడలేదు.

మీ ఊళ్ళో ఫ్లెక్సీ ఎవరు చేస్తారో వాళ్ళకి ఈ కరపత్రం ఇవ్వండి. చదివాక ఇంకొకరికి ఇమ్మనండి.

నమో బుద్ధాయ. జై భీమ్.