రక్తం ఒలికిన చోట సగం మాట చెప్పవద్దు

అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో, చిక్కడపల్లి గ్రంథాలయం బల్లల దగ్గర పోటీ పరీక్షలకు చదువుకునే బిడ్డలారా! పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ మీకు ఒక మార్కు బిట్టు. ఏ పత్రిక? ఇమ్రోజ్. ఏ సంవత్సరం? 1948. జవాబు గుర్తించి ముందుకు సాగిపోతారు. ఆయనను నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు నరికిన కాచిగూడ లింగంపల్లి చౌరస్తా మీ గది నుంచి నడిచి వెళ్లేంత దూరం. మీలో ఎందరు అక్కడ ఒక్క నిమిషం నిలబడ్డారు?

తెలిసిన పెద్దలను వెంటబెట్టుకొని ఈ నేల మీద నడవండి. కింగ్‌కోఠి దారిలో 1947 డిసెంబరు 4న నారాయణరావు పవార్ నిజాం కారుపై బాంబు విసిరాడు. నిజాం బతికాడు, పవార్‌కు మరణశిక్ష పడింది. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దండెత్తారు. తుర్రెబాజ్‌ఖాన్ శవాన్ని నలుగురూ చూసేలా వేలాడదీశారు, అల్లావుద్దీన్ అండమాన్‌లో బందీగానే కన్నుమూశారు. ఆ రెసిడెన్సీ భవనం ఇప్పుడు ఆడపిల్లల విశ్వవిద్యాలయం. దాని ముందు నుంచి బేరాలాడుకుంటూ రోజూ వేలమంది పోతుంటారు. వారిని తప్పుపట్టను, బతుకుతెరువు అలాంటిది. అంత పాత రోజులే ఎందుకు, 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపును నిరసిస్తూ వచ్చినవారిపై కాల్పులు జరిగింది బషీర్‌బాగ్‌లోనే కదా.

ఇక అధ్యాపకులారా, అసలు మాట మీకు. పిల్లలను బస్సెక్కించి బైరాన్‌పల్లి బురుజు దాకా తీసుకుపోతే మంచిదే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైనికులు ఆ ఊరిపై పడి చేసిన హత్యాకాండను మెత్తబరచకుండా చెప్పండి. అంతటితో ఆగిపోకండి. సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజుల్లో ముగిసిన భారత సైనిక చర్య వెంట ఏం జరిగిందో కూడా చెప్పండి. ఆ హింసను తెలుసుకురమ్మని భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం, 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. హతుల్లో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఒకరి రక్తం చూపి మరొకరి రక్తం దాచిన గురువు పసి మనసుల్లో పగ నాటినవాడవుతాడు.

ఇవన్నీ చెబితే తరగతిలో గొడవలు రావా అంటారు. రావచ్చు. అందుకే షోయబుల్లా దగ్గర మొదలుపెట్టండి. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసిన ముస్లిం ఆయన. ఆయన చేతిని నరికినవారు కూడా ఆ మతం పేరే చెప్పుకున్నారు. ముప్ఫై ఏళ్లు నిండని ఆ మనిషి చావును సరిగ్గా చెప్పగలిగితే, మతాన్ని బట్టి మంచీచెడూ పంచే కథ ఏదీ పిల్లల ముందు నిలవదు.

బురుజు దగ్గర సెల్ఫీలు, నినాదాలు వద్దు. తమవారిని అక్కడే పోగొట్టుకున్న కుటుంబాల ఊరది. ముందు ఊరి పెద్దలను పలకరించి, వారు చెప్పేది పిల్లలతో సహా కూర్చుని వినండి. బయలుదేరే ముందు మీరే సుందర్‌లాల్ నివేదిక చదవండి. అది చదవకుండా ఏ బిడ్డనూ అక్కడికి తీసుకుపోకండి.