ఎవరి తేదీ?

జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ తీసుకుని పెదనాన్న ఇంటికి వెళ్లాను. ఆయన బాలానగర్‌లో ఒక కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు స్టోర్స్ చూశారు. నేను పటాన్‌చెరు వైపు ఒక పంపుల ఫ్యాక్టరీలో పర్చేజ్ చూస్తున్నాను. ఒక ఫౌండ్రీని వదులుకోవాలా వద్దా అన్నది ఆ వారం తేల్చాల్సిన విషయం. నా మనసులో అది అప్పటికే తేలిపోయింది. ఆయన చేత కూడా సరే అనిపించుకుందామని వెళ్లాను.

"జనవరి నుంచి జూన్ దాకా ఆర్డర్ రిపోర్ట్ ఇది, పెదనాన్నా. ఈ ఫౌండ్రీకి పద్నాలుగు పర్చేజ్ ఆర్డర్లు (పీఓలు) ఇచ్చాం. తొమ్మిది లేటు. టైముకి ఇచ్చింది 36 శాతం."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగారు. "శాతాలు తర్వాత చూద్దాం. ఆ తొమ్మిదిలో ఒక్కటి తీయమ్మా. బాగా లేటైనది తీయి."

తీశాను. పంపు కేసింగ్ కాస్టింగులు, అరవై. పీఓ ఇచ్చింది మార్చి 3న. రావాల్సింది మార్చి 17కి. సరుకు అందినట్టు స్టోర్స్ రాసే జీఆర్ఎన్ ఏప్రిల్ 2. ఆలస్యం 16 రోజులు.

"17కి రావాలని ఎవరన్నారు?"

"సిస్టమ్."

"సిస్టమ్‌కి ఎవరు చెప్పారు?"

వెతికాను. ఐటమ్ మాస్టర్‌లో లీడ్ టైమ్ 14 రోజులని ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టిన కొత్తలో ఎవరో వేసిన అంకె, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఫౌండ్రీ వాళ్ల కొటేషన్ మెయిల్లో దొరికింది. అందులో నాలుగు వారాలని స్పష్టంగా ఉంది. అంటే మార్చి 31.

"సరుకు గేటుకి ఎప్పుడొచ్చింది?"

సెక్యూరిటీ వాళ్ల ఇన్‌వర్డ్ రిజిస్టర్ ఫొటో పంపమని ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. మార్చి 29, శనివారం సాయంత్రం లారీ లోపలికొచ్చింది. మర్నాడు ఉగాది. సోమవారం రంజాన్. ఏప్రిల్ 1న ఏడాది స్టాకు లెక్కింపని స్టోర్స్ మూసేశాం. రెండో తారీఖు పొద్దున గానీ కాస్టింగులు జీఆర్ఎన్‌కి ఎక్కలేదు.

"మధ్యలో మీవైపు నుంచి మార్పేమన్నా వెళ్లిందా?"

వెళ్లింది. మార్చి 10న డ్రాయింగ్ మార్చాం. కేసింగ్ అడుగున బాస్ మందం రెండు మిల్లీమీటర్లు పెంచాం. కాగితం మీద అది చిన్న గీత. ఫౌండ్రీలో మాత్రం పాటర్న్ దించి, సరిచేసి, మళ్లీ నమూనా పోసి చూపించాలి. పీఓకి అమెండ్‌మెంట్ ఇచ్చాం గానీ తేదీ జరపలేదు.

పెదనాన్న ఏమీ అనలేదు. నేనే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. కొత్త డ్రాయింగ్ నుంచి నాలుగు వారాలంటే ఏప్రిల్ 7. వాళ్లు తొమ్మిది రోజులు ముందే తెచ్చారు. నా రిపోర్టులో అదే వరుస ఎర్ర రంగులో ఉంది.

కాసేపటికి అన్నాను. "సరే. కానీ 17న అసెంబ్లీలో నలుగురు మనుషులు ఖాళీగా కూర్చున్నారు. వాళ్లకి ఈ కారణాలతో పనేముంది? సరుకు లేదు, అంతే కదా. ప్రతి కారణాన్నీ వింటూ పోతే లోకంలో లేటైనవాడే ఉండడు."

"బాగా అడిగావు," అన్నారు. "ఆలస్యం వేరు, తప్పు వేరు. అసెంబ్లీ వాడికి కావాల్సింది ఆలస్యం లెక్క. అది వాడికి పూర్తిగా చెప్పాలి, పదహారంటే పదహారు రోజులూ. రేపు ఎంత స్టాకు ముందుగా పెట్టుకోవాలో దాన్నిబట్టే తెలుస్తుంది. నువ్వు ఆ కాగితాన్నే పట్టుకుని ఒక మనిషికి శిక్ష వెయ్యబోతున్నావు. తప్పెవరిదో ఆ కాగితాన్ని ఎవరూ అడగలేదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అలాగని వదిలిపెట్టలేదు.

"మీ రోజుల్లో రిపోర్టులు లేవుగా. అప్పుడు న్యాయం ఎక్కువ జరిగిందంటారా?"

"లేదు," అన్నారు వెంటనే. "ఒకాయన మాకు బేరింగులు ఇచ్చేవాడు. పండక్కి స్వయంగా వచ్చేవాడు, ఇంట్లో వాళ్లందర్నీ పేరుపేరునా అడిగేవాడు. పదకొండేళ్లు ఆయన్ని అందరికంటే నమ్మకస్తుడనుకున్నాను. నా తర్వాత సీట్లోకి వచ్చిన కుర్రాడు పాత బిన్ కార్డులూ చలాన్లూ ముందేసుకుని ఒక జాబితా రాశాడు. వంద బేరింగులు అడిగితే ఆయన గడువు రోజున నలభై పంపేవాడు, మిగతావి ఎప్పటికో వచ్చేవి. మొదటి నలభై రాగానే నా మనసులో ఆర్డర్ అందినట్టే లెక్క. ఆయన మర్యాద నా కళ్లకి అడ్డం పడింది. అందుకే రిపోర్టు వద్దని నేను అనను. మనసుకి గుర్తుండేది పలకరించినవాడే."

ఆ నలభై సంగతి విన్నాక నా రిపోర్ట్ మళ్లీ తెరిచాను. మాకు ప్యాకింగ్ పెట్టెలిచ్చే ఒక సప్లయర్‌కి నూటికి నూరు ఉంది. లోపలికి వెళ్తే మొదటి డెలివరీ తేదీనే సిస్టమ్ పట్టుకుంటోంది. పైగా మూడు పీఓల్లో గడువు తేదీని మా డిపార్ట్‌మెంట్ వాళ్లే జరిపారు. ఆ సప్లయర్ ఫోన్ చేసి అడగ్గానే కొత్త తేదీ వేశారు, పాత తేదీ చెరిగిపోయింది. ఫౌండ్రీ వాళ్లు ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు. అడిగినవాడికి నూరు, అడగనివాడికి ముప్ఫై ఆరు. ఆ పూట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. ఇచ్చిన మాటని మార్చుకోవచ్చు, వ్యాపారంలో తప్పదు. మొదటి మాట ఏమిటో కనపడకుండా చేస్తే మాత్రం ఇక రిపోర్టు దేన్ని కొలుస్తున్నట్టు?

"టయోటా సంగతి చదివాను, పెదనాన్నా," అన్నాను. "వాళ్లు గంటల లెక్కన సరుకు తెప్పించుకుంటారు. నిల్వ బాగా తక్కువ పెట్టుకుంటారు. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సెయికి అనే సప్లయర్‌కి కరియాలో ఉన్న ప్లాంటు కాలిపోయింది. బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చేది. టయోటా లైన్లు ఆగిపోయాయి. అప్పుడు రెండొందలకు పైగా కంపెనీలు కలిశాయి. ఎన్నడూ ఆ వాల్వు చెయ్యనివాళ్లు కూడా డ్రాయింగులు తెప్పించుకుని తమ మెషిన్ల మీద చేసిచ్చారు. వారం రోజుల్లో లైన్లు మళ్లీ కదిలాయి."

"అలా చేసిచ్చిన గుణాన్ని నీ రిపోర్టులో ఏ గడిలో రాస్తావు?"

"రాయలేను. కానీ రోజూ అంత కచ్చితంగా లెక్క చూసుకునేవాళ్ల మధ్యే అది జరిగింది కదా. లెక్క ఉన్నచోట స్నేహం ఉండదనడం కూడా నిజం కాదు."

ఆయన నవ్వి, "అది ఒప్పుకుంటాను," అన్నారు. తర్వాత 2012 నాటి పవర్ హాలిడేల గురించి చెప్పారు. మామూలు వర్క్‌షాపులో కరెంటు పోతే మెషిన్ ఆగుతుంది, వస్తే తిరుగుతుంది. ఇండక్షన్ ఫర్నేస్‌లో సగం కరిగిన ఇనుము ఉండగా పోతే ఆ ఇనుము అందులోనే గడ్డకడుతుంది, లోపలి లైనింగ్ పాడవుతుంది. అయినా ఒక ఫౌండ్రీ యజమాని కరెంటున్న రాత్రుల్లో పోతలు పోయించి, తెల్లవారుజామున ఆటో ట్రాలీలో ఎనిమిదేసి కాస్టింగులు పంపేవాడట. "ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉండేవి. బిన్ కార్డు మీద మాత్రం 'పార్ట్ సప్లయ్, లేట్' అని రాశాను. నా చేత్తోనే రాశాను."

పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. తాగాక ఆయన నేను అనుకోని ప్రశ్న అడిగారు. "మార్చి 29న వచ్చిన ఆ సరుకుకి డబ్బు ఎప్పుడిచ్చారు?"

ఆ వివరం ఆర్డర్ రిపోర్టులో లేదు. అకౌంట్స్ లెడ్జర్‌లో చూశాను. జూన్ 20.

చిన్న పరిశ్రమలకి చెల్లింపుల విషయంలో రక్షణగా 2006లో తెచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం నాకు తెలియనిది కాదు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. పదిహేను రోజుల్లోపు అభ్యంతరం రాసివ్వకపోతే ఆ గడువు సరుకు చేతికందిన రోజు నుంచే నడుస్తుంది, మన జీఆర్ఎన్ రోజు నుంచి కాదు. చట్టానికి కావాల్సింది గేటు దగ్గరి తేదీ. మార్చి 29 నుంచి 45 రోజులంటే మే 13. మేం 38 రోజులు లేటు.

"ఆర్డర్ మీద రెండు సంతకాలుంటాయి తల్లీ," అన్నారు పెదనాన్న. "వాడు సరుకిస్తానంటాడు, నువ్వు డబ్బిస్తానంటావు. వాడి మాటకి పక్కన ఒక గడి పెట్టావు. నీ మాటకి పెట్టలేదు. రెండూ పెట్టు. అప్పుడు ఎవరిని వదులుకుంటావో నీ ఇష్టం."

ఆ సాయంత్రం అక్కడే కూర్చుని రిపోర్టుకి గడులు కలిపాను. సప్లయర్ స్వయంగా చెప్పిన తేదీ, మేం చివరిసారి డ్రాయింగ్ ఇచ్చిన తేదీ, గేటు తేదీ, చివరి ముక్క అందిన తేదీ, డబ్బిచ్చిన తేదీ. మార్చిన గడువు పక్కన మొదటి గడువు కూడా చెరగకుండా కనపడాలని ఐటీ వాళ్లకి రాశాను. తొమ్మిది వరుసలూ మళ్లీ లెక్కగట్టేసరికి చీకటి పడింది. ఆరు మా వల్లే లేటుగా కనపడ్డాయి. మూడు నిజంగా వాళ్లవే.

సోమవారం ఫౌండ్రీ యజమానికి ఫోన్ చేశాను. ముందు మా ఆరూ చెప్పాను, జూన్ 20 సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ మూడింటి గురించి అడిగాను. రెండింటికి మోల్డింగ్ మనుషులు పెళ్లిళ్ల సీజన్లో ఊళ్లకి వెళ్లిపోయారన్నారు. మూడోదాని దగ్గర ఆగి, "అది మాత్రం మాదే మేడమ్. ఇంకో పెద్ద పార్టీ ఆర్డర్ ముందేసి మీది వెనక్కి నెట్టాం," అన్నారు.